ఉక్కు నగరంలో కళను వెతకడం ఎలా? హథ్‌ఖోజ్ నుంచి కొండగావ్ వరకు ఒక సాంస్కృతిక యాత్ర

ఛత్తీస్‌గఢ్‌లోని దుర్గ్ జిల్లాలో, భిలాయి నగరం అంచున ఉన్న హథ్‌ఖోజ్ పర్యాటక కరపత్రాల్లో కనిపించే పేరు కాదు. అది భారీ పారిశ్రామిక వాడ. ఉక్కు కర్మాగారాన్ని ఆనుకుని పెరిగిన ఇంజినీరింగ్ యూనిట్లు, రేకుల షెడ్లు, సరకు లారీలు అక్కడి దృశ్యం. అయినప్పటికీ కళా ఉద్యమాలను, మ్యూజియంలను, ప్రదర్శనలను అర్థం చేసుకోవాలని బయలుదేరే యాత్రికుడికి ఇంతకంటే మంచి ఆరంభ స్థానం అరుదు. ఇక్కడి నుంచి సుమారు గంట ప్రయాణంలో 1875లో వెలసిన మ్యూజియం ఉంది. రెండు గంటల దూరంలో కేవలం సంగీత, లలిత కళల కోసం స్థాపించిన విశ్వవిద్యాలయం ఉంది. ఒక పగటి ప్రయాణంలో, సింధు నాగరికత కాలం నాటి లోహపు పోత విధానాన్ని నేటికీ జీవనాధారంగా కొనసాగిస్తున్న కొండగావ్ కళాకారుల ఇళ్లను చేరుకోవచ్చు.

కర్మాగారంలో కరిగే ఇనుము, కొలిమిలో ఎర్రబారే ఇనుము ఒకే నేల నుంచి వచ్చినవే. మొదటిది పరిశ్రమ అయింది, రెండవది హస్తకళ అయింది. అదే రెండవది మహానగరపు గ్యాలరీలో అడుగుపెడితే కళగా మారుతుంది. ఈ పేర్లను నిర్ణయించేది ఎవరు, ఆ నిర్ణయం వల్ల తయారీదారుకు దక్కేదేమిటి అన్నది తెలుసుకోవడమే సాంస్కృతిక యాత్రకు అసలు ప్రయోజనం.

మూడు ప్రశ్నలతో మొదలు

కళా ఉద్యమం అనగానే పాఠ్యపుస్తకాల్లోని ఐరోపా పేర్లు గుర్తుకు రావడం సహజం. వాస్తవానికి ఉద్యమమంటే ఒక కాలంలో కొందరు కళాకారులు ఒకే ప్రశ్నకు సమాధానం వెతకడం. ఇరవయ్యో శతాబ్ది ఆరంభంలో బెంగాల్ చిత్రకారులు వేసుకున్న ప్రశ్న, భారతీయ చిత్రకళకు పాశ్చాత్య శైలి అవసరమా అన్నది. తెలుగునేలపై ఆ చర్చ తాలూకు ఛాయలను చూడాలంటే రాజమహేంద్రవరంలోని దామెర్ల రామారావు చిత్రశాలకు వెళ్లాలి. 1897లో జన్మించి 1925లోనే కన్నుమూసిన రామారావు బొంబాయిలో శిక్షణ పొంది, తెలుగు గ్రామీణ జీవితాన్ని తన చిత్రాల్లో నిలిపారు. ఆయన చిత్రాలను వాటి కాలంతో కలిపి చూసినప్పుడే ఆయన దేనిని స్వీకరించారో, దేనిని కాదన్నారో బోధపడుతుంది.

అందువల్ల ఏ ప్రదర్శనశాలకు వెళ్లినా మూడు ప్రశ్నలు ఉపయోగపడతాయి. ఈ వస్తువును ఎవరు చేశారు? ఎవరి కోసం చేశారు? ఇది ఇక్కడికి ఎలా చేరింది? హైదరాబాద్‌లోని సాలార్‌జంగ్ మ్యూజియంలో మూడవ ప్రశ్నకు ప్రధానంగా ఒక కుటుంబపు సేకరణాభిరుచి సమాధానం చెబుతుంది. భిలాయి పరిసరాల్లో మాత్రం ఈ మూడు ప్రశ్నలకూ ఒక్కో చోట ఒక్కో రకమైన సమాధానం లభిస్తుంది.

కర్మాగారం నీడలో పెరిగిన కళ

భారత్, సోవియట్ యూనియన్‌ల మధ్య 1955 ఫిబ్రవరి 2న కుదిరిన ఒప్పందంతో భిలాయి ఉక్కు కర్మాగారానికి పునాది పడింది. 1959 ఫిబ్రవరి 4న అప్పటి రాష్ట్రపతి డాక్టర్ రాజేంద్రప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. సెక్టార్లుగా విభజించిన టౌన్‌షిప్‌కు దేశం నలుమూలల నుంచి కార్మికులు తరలివచ్చారు. వారిలో ఉత్తరాంధ్ర నుంచి వచ్చిన తెలుగు కుటుంబాలు గణనీయంగా ఉన్నాయి. తెలుగు వారి ఆలయాలు, సాంస్కృతిక సంఘాలు నేటికీ ఈ నగర జీవితంలో భాగమే.

ఇటువంటి వలస నగరానికి సొంత కళ ఎక్కడి నుంచి వస్తుంది? భిలాయి ఇచ్చిన మొదటి సమాధానం సంస్థాగతమైనది. టౌన్‌షిప్ నడిబొడ్డున, సివిక్ సెంటర్‌లో కర్మాగారం ఆధ్వర్యంలో నెహ్రూ ఆర్ట్ గ్యాలరీ ఏర్పడింది. ఇక్కడ ప్రాంతీయ చిత్రకారులు, శిల్పులు, ఛాయాచిత్రకారుల ప్రదర్శనలు జరుగుతుంటాయి. 2008లో పద్మశ్రీ అందుకున్న శిల్పి జాన్ మార్టిన్ నెల్సన్‌ది కూడా ఈ నగరమే. మహానగరాల గ్యాలరీలతో పోలిస్తే ఇది చిన్న వేదిక. అయితే షిఫ్టు ముగించుకుని కుటుంబంతో వచ్చే కార్మికుడు ప్రేక్షకుడు కావడం ఇలాంటి గ్యాలరీకి ఉన్న ప్రత్యేకత.

రెండవ సమాధానం చుట్టుపక్కల పల్లెల నుంచి వచ్చింది. భిలాయి సమీపంలోని గనియారి గ్రామంలో 1956లో జన్మించిన తీజన్‌బాయి మహాభారత గాథలను పాడే పండవానీ కళను ప్రపంచ వేదికలకు చేర్చారు. ఆ రోజుల్లో స్త్రీలు కూర్చుని పాడటమే రివాజు. నిలబడి అభినయిస్తూ పాడే కాపాలిక శైలి పురుషులకే పరిమితమై ఉండేది. పదమూడేళ్ల వయసులోనే ఆమె ఆ హద్దును దాటారు. తదనంతరం భిలాయి ఉక్కు కర్మాగారంలో ఉద్యోగం చేస్తూనే దేశదేశాల్లో ప్రదర్శనలిచ్చారు. 2003లో పద్మభూషణ్, 2019లో పద్మవిభూషణ్ ఆమెను వరించాయి. చేతిలోని తంబూరానే ఒకసారి భీముని గదగా, మరోసారి అర్జునుని ధనుస్సుగా మార్చే ఆ అభినయం, బుర్రకథ చూసి పెరిగిన తెలుగు ప్రేక్షకుడికి కొత్తగా అనిపించదు. బుర్రకథలో కథకుడికి వంతలు ఉన్నట్లే, పండవానీలో గాయనికి ఊకొడుతూ, మధ్యమధ్యన ప్రశ్నలు వేస్తూ కథను నడిపించే ‘రాగీ’ ఉంటాడు.

రంగస్థలానిదీ ఇదే దారి. 1923లో రాయ్‌పూర్‌లో జన్మించిన హబీబ్ తన్వీర్ 1959లో ‘నయా థియేటర్’ను స్థాపించి, ఛత్తీస్‌గఢ్ ‘నాచా’ కళాకారులను వారి సొంత భాషలోనే ఆధునిక నాటక వేదికపైకి తెచ్చారు. ఆయన ప్రసిద్ధ నాటకం ‘చరణ్‌దాస్ చోర్’ తొలి రూపం భిలాయిలో జరిగిన కార్యశాలలోనే ఊపిరి పోసుకుంది. సత్‌నామీల పంథీ గీతాలు అందులో భాగమయ్యాయి. 1975లో పూర్తి రూపం దాల్చిన ఆ నాటకం 1982లో ఎడిన్‌బరో ఉత్సవంలో ఫ్రింజ్ ఫస్ట్ పురస్కారం గెలుచుకుంది. పల్లె కళాకారుడికి నగర నటుడి ఉచ్చారణ నేర్పకుండా, నాటకాన్నే అతడి భాషకు తగినట్లు మలచడం తన్వీర్ చేసిన ప్రధాన మార్పు. భారతీయ ఆధునిక నాటక ఉద్యమంలో దీనిని కీలక మలుపుగా పరిగణిస్తారు.

ఇనుముకు రెండు చరిత్రలు

ఆధునిక కర్మాగారం రాకముందే ఈ ప్రాంతానికి ఇనుముతో పరిచయం ఉంది. మైకల్ కొండల్లోని అగరియా తెగ వారు మట్టితో కట్టిన చిన్న కొలుముల్లో, బొగ్గు పేర్చి, కాళ్లతో తిత్తులు తొక్కుతూ ముడి ఖనిజం నుంచి ఇనుము తీసేవారు. మానవ శాస్త్రవేత్త వెరియర్ ఎల్విన్ 1942లో ప్రచురించిన ‘ది అగరియా’ గ్రంథం వారి పనిని, వారి దైవమైన లోహాసురుని గాథలను నమోదు చేసింది. కర్మాగారంలో తయారైన చవకైన ఇనుము సంతలకు చేరడంతో ఆ కొలుములు క్రమంగా ఆరిపోయాయి.

బస్తర్ కమ్మరులు మాత్రం మరో దారి కనుగొన్నారు. రైతులకు కర్రు, కొడవలి చేసిపెట్టిన చేతులే దీపపు స్తంభాలు, జింకలు, నెమళ్లు, నృత్య బృందాలు మలచడం ఆరంభించాయి. ఈ విధానంలో అచ్చులుండవు. ఇనుప ముక్కను కొలిమిలో ఎర్రగా కాల్చి, పటకారుతో పట్టి, దాగలిపై సుత్తితో కొట్టి సాగదీస్తారు. అతుకులు వీలైనంత తక్కువగా ఉంటాయి. ముడిసరకులో అధిక భాగం పాత ఇనుమే. పరిశ్రమకు పనికిరాని తుక్కు ఇక్కడ దీపపు స్తంభంగా మరో జన్మ ఎత్తుతుంది. హథ్‌ఖోజ్ షెడ్లలో ఇనుము టన్నుల లెక్కన తూగుతుంది. బస్తర్ కొలిమి వద్ద అదే లోహం విలువ దెబ్బల లెక్కన పెరుగుతుంది. ఈ రెండు చోట్లనూ ఒకే యాత్రలో చూసిన వారికి పరిశ్రమకు, హస్తకళకు మధ్య ఉన్న అసలు తేడా ముడి పదార్థంలో లేదని, కాలాన్ని వెచ్చించే తీరులో ఉందని అర్థమవుతుంది.

కొండగావ్‌కు పేరు తెచ్చిన మరో విద్య ‘ధోక్రా’ పోత. ఊక కలిపిన మట్టితో ముందుగా లోపలి ఆకారాన్ని చేసి ఆరబెడతారు. దానిపై మైనపు దారాలను చుట్టి కళ్లు, నగలు, వస్త్రాల అంచులు తీర్చుతారు. ఆపై మళ్లీ మట్టి పొరలు పూసి, ఒక రంధ్రం వదిలి కాలుస్తారు. మైనం కరిగి పోయిన ఖాళీలోకి కరిగించిన ఇత్తడిని పోస్తారు. చల్లారాక మట్టి అచ్చును పగలగొడతారు. అచ్చు మిగలదు కాబట్టి ఏ రెండు బొమ్మలూ ఒకేలా ఉండవు. మొహెంజొదారోలో దొరికిన పదిన్నర సెంటీమీటర్ల నర్తకి బొమ్మ కూడా ఈ పోత విధానంతోనే తయారైంది. కల్యాణి చాళుక్య ప్రభువు మూడవ సోమేశ్వరుడు పన్నెండో శతాబ్దిలో రచించిన ‘మానసోల్లాసం’ ఈ పద్ధతిని వివరించింది. బస్తర్‌లో ఘడ్వా కళాకారుల వంశపారంపర్య విద్య అయిన దీనిని, కొండగావ్‌కు చెందిన జైదేవ్ బఘేల్ అంతర్జాతీయ ప్రదర్శనల స్థాయికి చేర్చారు.

తెలుగు పాఠకులకు ఇది దూరపు కథ కాదు. తెలంగాణలోని ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లాలో, జైనూర్ మండలం ఉషేగావ్ వంటి పల్లెల్లో ఓజుల కుటుంబాలు ఇదే విధానంలో దేవతా ప్రతిమలు, ఆభరణాలు, గంటలు పోస్తున్నాయి. ‘ఆదిలాబాద్ డోక్రా’కు 2018లో భౌగోళిక గుర్తింపు లభించింది. చారిత్రకంగానూ బంధం ఉంది. ఓరుగల్లు 1323లో పతనమైన తరువాత ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు బస్తర్ చేరి రాజ్యం స్థాపించాడని అక్కడి రాజవంశ సంప్రదాయం చెబుతుంది.

అద్దాల పెట్టె చెప్పనిది

రాయ్‌పూర్‌లోని మహంత్ ఘాసీదాస్ స్మారక మ్యూజియం దేశంలోని పాత మ్యూజియంలలో ఒకటి. రాజనందగావ్ పాలకుడు మహంత్ ఘాసీదాస్ సహకారంతో 1875లో ఇది మొదలైంది. ప్రస్తుత భవనాన్ని 1953లో డాక్టర్ రాజేంద్రప్రసాద్ ప్రారంభించారు. శాసనాలు, నాణేలు, శిల్పాలతో పాటు ప్రాచీన శ్రీపురం, అంటే నేటి సిర్‌పూర్‌లో లభించిన బౌద్ధ కంచు ప్రతిమలు ఇక్కడి ప్రధాన సంపద. అదే సిర్‌పూర్ శిల్పుల చేతిలో ఎనిమిదో శతాబ్ది ప్రాంతంలో రూపుదిద్దుకున్న తారా ప్రతిమ ఒకటి నేడు అమెరికాలోని లాస్ ఏంజెలెస్ కౌంటీ మ్యూజియంలో ఉంది. ఒకే ఊరి ప్రతిమలు రెండు ఖండాల్లో ఎందుకున్నాయన్న ప్రశ్న సందర్శకుడికి కలగడం అవసరం. వస్తువు పక్కనున్న చిన్న పలకపై కాలం, లోహం, కొలతలు ఉంటాయి. అది దాటి వచ్చిన దారి మాత్రం చాలా సందర్భాల్లో ఉండదు.

దీనికి భిన్నమైన నమూనా నయా రాయ్‌పూర్‌లోని పుర్‌ఖౌతీ ముక్తాంగణ్. 2006లో అప్పటి రాష్ట్రపతి డాక్టర్ ఏపీజే అబ్దుల్ కలాం ప్రారంభించిన ఈ ఆరుబయలు ప్రాంగణంలో ఆదివాసుల ఇళ్లు, పండుగలు, నృత్యాలు నిలువెత్తు రూపాల్లో కనిపిస్తాయి. స్టాక్‌హోమ్‌లో 1891లో ప్రారంభమైన స్కాన్సెన్ ఈ తరహా ఆరుబయలు మ్యూజియంలకు ఆద్యం. అద్దాల పెట్టె వస్తువును దాని పరిసరాల నుంచి వేరు చేస్తే, ఆరుబయలు మ్యూజియం పరిసరాలను తిరిగి కల్పించేందుకు ప్రయత్నిస్తుంది. అయితే అది కూడా కల్పనే. సజీవమైన పల్లె మార్పు చెందుతూ ఉంటుంది. ప్రదర్శనలోని పల్లె ఒక కాలం వద్ద నిలిచిపోతుంది.

ఖైరాగఢ్‌లోని ఇందిరా కళా సంగీత విశ్వవిద్యాలయం మూడవ నమూనా. రాజా బీరేంద్ర బహదూర్ సింగ్, రాణి పద్మావతీదేవి దంపతులు చిన్న వయసులోనే మరణించిన తమ కుమార్తె ఇందిర జ్ఞాపకార్థం రాజభవనాన్ని విద్యకు అప్పగించారు. 1956లో ఆరంభమైన ఈ విశ్వవిద్యాలయంలో గాత్రం, వాద్యం, నృత్యం, చిత్రలేఖనం, శిల్పం, జానపద కళలు పాఠ్యాంశాలు. ఇక్కడ కళ భద్రపరచిన వస్తువు కాదు, ఒక తరం నుంచి మరో తరానికి నేర్పే అభ్యాసం.

కళాకారుడి పేరు ఎక్కడ?

ఆదివాసీ కళను ప్రదర్శించేటప్పుడు తెగ పేరు రాసి కళాకారుడి పేరు విడిచిపెట్టడం దీర్ఘకాలంగా ఉన్న అలవాటు. 1982లో భోపాల్‌లో ప్రారంభమైన భారత్ భవన్ దీనిని మార్చే ప్రయత్నం చేసింది. చిత్రకారుడు జె.స్వామినాథన్ నేతృత్వంలో ఆదివాసీ, ఆధునిక చిత్రాలను ఒకే గౌరవంతో పక్కపక్కనే ఉంచారు. అప్పట్లో ఛత్తీస్‌గఢ్ కూడా మధ్యప్రదేశ్‌లో భాగమే.

పాటన్‌గఢ్ గ్రామానికి చెందిన గోండు యువకుడు జంగఢ్ సింగ్ శ్యామ్ అలా వెలుగులోకి వచ్చాడు. ఇంటి గోడల సంప్రదాయాన్ని కాగితం, కాన్వాస్‌లపైకి తెచ్చిన ఆయన శైలి ‘జంగఢ్ కలం’గా పేరొందింది. 1989లో పారిస్‌లో జరిగిన ‘మాజిసియాఁ ద లా తేర్’ ప్రదర్శనలో ఆయన చిత్రాలకు స్థానం దక్కింది. 2001లో జపాన్‌లోని మిథిలా మ్యూజియంలో పనిచేస్తున్న కాలంలోనే ఆయన విషాదకర పరిస్థితుల్లో మరణించాడు. విదేశాలకు వెళ్లే ఆదివాసీ కళాకారుల ఒప్పందాలు, పారితోషికాలు, బాగోగుల బాధ్యత ఎవరిదన్న చర్చకు ఆ మరణం దారితీసింది. అంతర్జాతీయ ప్రదర్శన కీర్తిని ఇవ్వగలదు. రక్షణను దానంతట అదే ఇవ్వదు.

సర్గుజా ప్రాంతంలోని పుహ్‌పుత్రా గ్రామానికి చెందిన సోనాబాయి రజవార్ కథ మరో కోణం. ఏళ్ల తరబడి ఇంటికే పరిమితమై గడిపిన ఆమె, బిడ్డ ఆడుకునేందుకు మట్టి బొమ్మలు చేయడంతో మొదలుపెట్టి, వెదురు బద్దలు, మట్టితో జాలీలు, పక్షులు, మనుషులతో ఇంటినంతటినీ అలంకరించారు. ఆమె ముందు ఏ గురువూ లేరు, కొనుగోలుదారూ లేరు. భారత్ భవన్ బృందం దృష్టిలో పడిన తరువాత జాతీయ పురస్కారం లభించింది. ఆమె మరణానంతరం, 2009లో అమెరికాలోని శాన్ డియేగో మింగే మ్యూజియం ఆమె కళపై ప్రత్యేక ప్రదర్శన నిర్వహించింది. ‘ఎవరి కోసం చేశారు’ అన్న ప్రశ్నకు సోనాబాయి ఇల్లు ఇచ్చే సమాధానం ఒక్కటే: తన వారి కోసం.

ఉక్కు కర్మాగారాలే వేదికలైన వేళ

పరిశ్రమ, కళ పరస్పరం కలిసిన ఉదాహరణలు ప్రపంచంలో మరికొన్ని ఉన్నాయి. 1962లో ఇటలీలోని స్పొలేటో నగరంలో జరిగిన శిల్ప ప్రదర్శన కోసం ఇటాల్‌సిడర్ అనే ఉక్కు సంస్థ తన కర్మాగారాలను శిల్పులకు తెరిచింది. అమెరికన్ శిల్పి డేవిడ్ స్మిత్ వోల్ట్రిలోని పాత కర్మాగారంలో, కార్మికుల సహాయంతో, వదిలేసిన పనిముట్లు, తుక్కు ఇనుముతో నెల రోజుల్లో ఇరవైకి పైగా శిల్పాలు రూపొందించాడు. అలెగ్జాండర్ కాల్డర్ చేసిన పద్దెనిమిది మీటర్ల ఉక్కు శిల్పం ‘తెయొదెలాపియో’ నేటికీ స్పొలేటో రైల్వే స్టేషన్ ఎదుట నిలిచి ఉంది.

జర్మనీలోని వోల్క్‌లింగెన్ ఇనుప కర్మాగారం 1986లో మూతపడింది. 1994లో యునెస్కో ప్రపంచ వారసత్వ జాబితాలో చేరి, ప్రస్తుతం కళా ప్రదర్శనలకు వేదికగా ఉంది. లండన్‌లో మూతపడిన విద్యుత్ కేంద్రం 2000లో టేట్ మోడర్న్ మ్యూజియంగా తెరుచుకుంది. ఐరోపాలో పరిశ్రమ ఆగిపోయిన చోట మ్యూజియం మొదలైంది. భిలాయి పరిస్థితి వేరు. ఇక్కడ కర్మాగారం నడుస్తూనే ఉంది, రైలు పట్టాలు తయారవుతూనే ఉన్నాయి. కొండగావ్ కొలుములూ ఆరలేదు. రెండూ సజీవంగా ఉన్నప్పుడే చూడగలగడం ఈ ప్రాంతపు ప్రత్యేక అవకాశం.

యాత్రికులు గమనించాల్సినవి

భిలాయి, రాయ్‌పూర్‌లకు ఒక్కో రోజు, ఖైరాగఢ్‌కు ఒక రోజు, కొండగావ్, జగదల్‌పూర్‌లకు కనీసం రెండు రోజులు కేటాయిస్తే యాత్ర సాఫీగా సాగుతుంది. రాయ్‌పూర్ నుంచి కొండగావ్ సుమారు 230 కిలోమీటర్లు. అక్టోబరు నుంచి ఫిబ్రవరి వరకు వాతావరణం అనుకూలం. దసరా రోజుల్లో జగదల్‌పూర్ చేరుకుంటే దంతేశ్వరీదేవి పేరిట జరిగే బస్తర్ దసరాను కూడా చూడవచ్చు. దేశంలో పలు మ్యూజియంలకు సోమవారం సెలవు కాబట్టి ముందుగా విచారించుకోవడం మేలు. గ్యాలరీల్లో ప్రదర్శనలు ఏడాది పొడవునా ఒకేలా ఉండవు. హథ్‌ఖోజ్‌లోని యూనిట్లు పని ప్రదేశాలు కాబట్టి యాజమాన్యం అనుమతి లేకుండా లోపలికి వెళ్లడం, చిత్రాలు తీయడం తగదు.

మ్యూజియంలో అన్ని గదులూ చుట్టిరావడం కంటే ఐదారు వస్తువుల ఎదుట తీరికగా నిలబడటం ఎక్కువ నేర్పుతుంది. కళాకారుల ఇంటికి వెళ్లినప్పుడు వస్తువు ధర అడిగే ముందు దాని తయారీకి ఎన్ని రోజులు పట్టిందో అడిగితే, ఆ ధర సమంజసమో కాదో కొనేవారికే తెలుస్తుంది. యంత్రంతో ఒకే అచ్చులో పోసిన అనుకరణలు కూడా సంతల్లో ధోక్రా పేరుతోనే అమ్ముడవుతుంటాయి. ఒకే బొమ్మకు అచ్చు గుద్దినట్లుండే జోడీ కనిపిస్తే అనుమానించాల్సిందే. అసలైన పనికి తగిన ధర దక్కకపోతే తరువాతి తరం కొలిమి వదిలి కర్మాగారపు కూలి వైపు నడుస్తుంది.

చివరిగా, కొన్న వస్తువుతో పాటు దాన్ని చేసిన వ్యక్తి పేరు, ఊరు రాసుకోవడం చిన్న పనే. ఎన్నో మ్యూజియం పలకలపై ఇప్పటికీ ఖాళీగా ఉన్నది ఆ పేరు కోసం కేటాయించాల్సిన చోటే.